‘ఓపెన్’ అంటే వెయ్యడమా, తియ్యడమా?

(మన పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, “ఇంజనీరువి కదా, ఉద్యోగంలో నేర్చుకున్న ఒక సంగతి పదిహేను నిమిషాల్లో చెప్పు, చాలు” అన్నారు. బాయిలర్లు, టర్బైన్ల గురించి చెబితే మీరు భోజనాల వైపు చూస్తారని నాకు తెలుసు. అందుకే ఒక్క మాట గురించి చెబుదామని వచ్చాను. అది ఇంగ్లీషు మొదలుపెట్టిన కొత్తలో ఇదే బడిలో మనందరం నేర్చుకున్న మాట. ‘ఓపెన్’. ఓపెన్ ద డోర్, ఓపెన్ ద బుక్. అంతకంటే తేలికైన మాట ఇంకోటి ఉండదు. ఆ తేలికైన మాట వల్లే ఒకసారి నా కళ్లముందు ఇద్దరు మనుషులు పోవాల్సింది.

2000 తర్వాతి పదేళ్లలో మన దేశంలో ప్రైవేటు విద్యుత్ కేంద్రాలు చాలా వచ్చాయి. వాటిలో చాలావాటికి బాయిలర్లు, టర్బైన్లు చైనా నుంచి వచ్చాయి. డాంగ్‌ఫాంగ్, షాంఘై, హార్బిన్ అనే పేర్లు అప్పుడు మా ఇంజనీర్ల నోళ్లలో బాగా నానాయి. యంత్రాలతోపాటు వాటిని బిగించి, నడిపి చూపించే చైనా మనుషులు కూడా వచ్చారు. మన కోస్తాలో అలాంటి ఒక కేంద్రంలో నేను ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేశాను. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. జరిగిన పొరపాటు నాది.

వాళ్లలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు తక్కువ. ఒక దుబాసీ అమ్మాయి ఉండేది. కాలేజీలో ఇంగ్లీషు చదువుకుని వచ్చింది. చక్కగా మాట్లాడేది, కానీ కరెంటు సంగతులు ఆమెకు కొత్త. ఆమె లేనప్పుడు వచ్చీరాని ఇంగ్లీషుతో, చేతి సైగలతో పని నడిచేది.

ఒకరోజు సాయంత్రం ఒక 415 వోల్టుల పానెల్‌లో కేబుళ్ల బిగింపులు సరిచూడాల్సి వచ్చింది. దానికి కరెంటు ఇచ్చే బ్రేకరు 200 మీటర్ల అవతల వేరే గదిలో ఉంది. ఆ గదిలో చైనా టెక్నీషియన్ ఒకతను, కుర్రవాడు. నేను ఫోన్ చేసి, “బ్రేకర్ ఓపెన్?” అని అడిగాను. అతను ఉత్సాహంగా, “యెస్, యెస్, ఓపెన్, ఓకే” అన్నాడు.

మా భాషలో బ్రేకరు ఓపెన్ అంటే కరెంటు తీసేసినట్టు. నేను నిశ్చింతగా ఇద్దరు కుర్రాళ్లకు స్పానర్లు పట్టుకుని మొదలుపెట్టమని చెప్పాను. మా హెడ్ ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉండేవాడు. వయసులో నాకంటే చాలా పెద్ద. అందరం ‘పెద్దాయనా’ అనే పిలిచేవాళ్లం. చదువు ఏడో తరగతితో ఆపేశాడు. ఆయన కుర్రాళ్ల వైపు చెయ్యి అడ్డంపెట్టి, “ఉండండ్రా” అన్నాడు. నా వైపు తిరిగి, “సార్, మీరు అడిగారు, అతను చెప్పాడు, బాగుంది. నేనొకసారి చూసొస్తాను” అని నడుచుకుంటూ వెళ్లాడు.

ఐదు నిమిషాల తర్వాత ఫోన్ వచ్చింది. “సార్, వేసే ఉంది. తియ్యలేదు. ఎర్ర లైటు వెలుగుతోంది.”

బ్రేకరు పానెళ్ల మీద ఎర్ర దీపం వెలిగితే కరెంటు పోతున్నట్టు, ఆకుపచ్చ వెలిగితే ఆగినట్టు. ఈ పద్ధతి మన దగ్గరా అంతే, చైనాలోనూ అంతే. రోడ్డు మీది సిగ్నలుకు ఇది తలకిందులు. మోటారైతే తిరుగుతూ చప్పుడు చేసి చెప్పేది. ఇది ఉత్త పానెల్ కాబట్టి చప్పుడు లేదు, కదలిక లేదు. చావు మాత్రం లోపల సిద్ధంగా ఉంది.

నాకు చెమటలు పట్టాయి. ఆ చైనా కుర్రవాడి మీద గట్టిగా అరిచాను. అతనికి నేనెందుకు అరుస్తున్నానో అర్థం కాలేదు. మొహం పాలిపోయి, “యెస్, ఓపెన్! ఐ ఓపెన్!” అని బ్రేకరు వైపు చూపిస్తున్నాడు. అతను అబద్ధం ఆడలేదు. ఆ రాత్రి దుబాసీ అమ్మాయిని కూర్చోబెట్టుకుని అడిగితే అసలు సంగతి తెలిసింది.

చైనా భాషలో ‘ఖాయ్’ అనే మాట ఉంది. తలుపు తియ్యడం ఖాయ్. పాత లిపిలో ఆ అక్షరం రాస్తే రెండు రెక్కల వాకిలి బొమ్మ, దాని లోపల గడియ తీస్తున్న చేతులు ఉంటాయి. 1950 దశకంలో మొదలైన లిపి సరళీకరణలో వాకిలి పోయి, లోపలి భాగమే మిగిలింది. వాకిలి పోయినా మాట మాత్రం ఎన్నో పనులకు పాకింది. లైటు వెయ్యడం ఖాయ్. టీవీ పెట్టడం ఖాయ్. యంత్రం నడపడం ఖాయ్, కారు నడపడం ఖాయ్. పువ్వు విచ్చుకోవడం ఖాయ్. సమావేశం జరపడం ఖాయ్. డాక్టరు మందులు రాసివ్వడం కూడా ఖాయ్. నీళ్లు తెర్లితే అవి ‘ఖాయ్’ నీళ్లు. మనసు ‘ఖాయ్’ అయితే సంతోషం. 1978లో చైనా తన ఆర్థిక వ్యవస్థను బయటి ప్రపంచానికి తెరిచింది కదా, ఆ విధానం పేరులోనూ ఈ ఖాయ్ ఉంది.

దీనికి ఎదురు మాట ‘గ్వాన్’. తలుపు వెయ్యడం గ్వాన్, లైటు ఆర్పడం గ్వాన్. స్విచ్చును వాళ్లు ఏమంటారో తెలుసా? ‘ఖాయ్‌గ్వాన్’. అంటే తెరుచు-మూయు. ఎంత ముచ్చటైన పేరో చూడండి.

ఇప్పుడు ఆ కుర్రవాడి బుర్రలోకి వెళ్లి చూద్దాం. బడిలో అతను మొదటే నేర్చుకున్నాడు: ఖాయ్ అంటే ఓపెన్. తలుపు ఖాయ్ చేస్తే ఓపెన్ ద డోర్. మరి కరెంటు ఖాయ్ చేస్తే? ఓపెన్. పొద్దున మేమే ఆ పానెల్‌కు కరెంటు కావాలని అడిగి ఉన్నాం. సాయంత్రం నేను ఫోన్ చేసి ‘ఓపెన్?’ అంటే, ‘కరెంటు ఇచ్చావా?’ అని అడుగుతున్నాననుకున్నాడు. ‘ఇచ్చాను’ అని చెప్పాడు.

అతనికి వృత్తి తెలియక కాదు. బ్రేకరు వెయ్యడానికి, తియ్యడానికి చైనా ఎలక్ట్రీషియన్లకు వేరే మాటలున్నాయి. వెయ్యడం ‘హ-జా’, తియ్యడం ‘ఫెన్-జా’. అంటే ఇంచుమించుగా కలపడం, విడదీయడం. ఆ రెండు మాటల దగ్గర పొరపాటుకు చోటే లేదు. కానీ వాటికి ఇంగ్లీషు అతనికి ఎవరూ నేర్పలేదు. వృత్తి మాట దొరక్క ఇంటి మాట వాడాడు. నేనేమో అతని ఇంటి మాటను వృత్తి మాటగా విన్నాను.

ఇంగ్లీషు కూడా ఇక్కడ అమాయకమైనదేం కాదు. ఇంగ్లీషువాళ్లు ఇంట్లో ‘ఓపెన్ ద లైట్’ అనరు, ‘టర్న్ ఆన్’ అంటారు. పనిలోకి వస్తే, వాల్వు ఓపెన్ చేస్తే నీళ్లు పారతాయి, బ్రేకరు ఓపెన్ చేస్తే కరెంటు ఆగుతుంది. ఒకే మాట, ఒకే కేంద్రం, ఒకే గోడకు అటూ ఇటూ. బాయిలర్ దగ్గర ఓపెన్ అంటే ప్రవాహం, స్విచ్‌గేర్ గదిలో ఓపెన్ అంటే ప్రవాహం లేకపోవడం.

ఈ చిక్కు గురించి మొదటిసారి విన్నది ఈ బడిలోనే. మా తరగతివాళ్లకు గుర్తుండే ఉంటుంది. మన ఫిజిక్స్ మాస్టారు టార్చి బ్యాటరీ, చిన్న బల్బు, ఒక పిన్నీసు తెచ్చి, పిన్నీసునే స్విచ్చుగా చేసి చూపించారు. “వలయం మూస్తే విద్యుత్తు ప్రవహిస్తుంది, తెరిస్తే ఆగిపోతుంది” అని బోర్డు మీద రాశారు. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, “సార్, మూస్తే ఆగాలి కదా, తెరిస్తే పోవాలి కదా?” అన్నాడు. అందరం నవ్వాం. మాస్టారు నవ్వలేదు.

ఆయన అప్పుడే రామేశ్వరం వెళ్లొచ్చి ఉన్నారు. “1914లో సముద్రం మీద కట్టిన పాంబన్ వంతెన ఉంది. ఓడ వస్తే వంతెన మధ్యభాగాన్ని రెండువైపులా పైకెత్తి తెరుస్తారు. తెరిస్తే ఓడ పోతుంది. మరి రైలు?” అని అడిగారు. “ఆగిపోతుంది సార్” అన్నాం. “స్విచ్చు తలుపు కాదురా, వంతెన. కరెంటు ఓడ కాదు, రైలు” అన్నారు. అంతే. నలభై ఏళ్లయినా మర్చిపోలేదు.

ఆ రాత్రి నేను కాగితం మీద ఒక వైపు తలుపు, ఒక వైపు వంతెన గీసి దుబాసీ అమ్మాయికి అదే చెప్పాను. ఆమె సంబరపడిపోయింది. వాళ్ల దేశంలో టియాన్‌జిన్ నగరంలో హైహ నది మీద 1927లో కట్టిన అలాంటి ఎత్తుడు వంతెన ఉంది. అది ఆమెకు తెలుసు. మర్నాడు చైనా కుర్రవాడికి తన భాషలో వివరించింది. అతను జేబు పుస్తకం తీసి తలుపు, వంతెన బొమ్మలు రెండూ గీసుకున్నాడు. నేను అతనికి సారీ చెప్పాను. చెప్పాల్సింది నేనే. వాడి మాట సరిగ్గా వినకపోవడం ఒకటే కాదు నా తప్పు. రాతపూర్వకమైన పర్మిట్ తీసుకోకుండా, తాళం వెయ్యకుండా, టెస్టరు పెట్టి చూడకుండా, ఫోన్లో ఒక మాట విని మనుషుల్ని పనిలోకి పంపబోయాను.

ఆ తర్వాత మేము కొన్ని నియమాలు పెట్టుకున్నాం. కరెంటు విషయంలో ‘ఓపెన్’, ‘క్లోజ్’ అనే మాటలు ఫోన్లో నిషేధం. ‘ఆన్’, ‘ఆఫ్’ మాత్రమే. వాల్వులకు మాత్రం ఓపెన్, క్లోజ్. అడిగినవాడి మాటను చెప్పేవాడు తిరిగి చెప్పాలి, దీపం రంగు కూడా చెప్పాలి. ‘యెస్’ అనేది జవాబు కాదు. అన్నింటికంటే ముఖ్యంగా, చూసి, తాళం వేసి, పరీక్షించి, ఎర్త్ చేసిన తర్వాతే చెయ్యి పెట్టాలి.

సాయంత్రాలు చైనా కుర్రాళ్లకు ఈ ఒక్క మాట మీదే చిన్న చిన్న పాఠాలు చెప్పాను. వాళ్లు ‘ఓపెన్ ద టీవీ’ అనేవాళ్లు. అలా అంటే ఇంగ్లీషు తెలిసినవాడు స్క్రూడ్రైవరు తెచ్చి వెనక మూత విప్పుతాడని చెబితే పడీపడీ నవ్వారు. కంప్యూటర్‌ను ‘టర్న్ ఆన్’ చెయ్యాలి, అందులో ఫైలును ‘ఓపెన్’ చెయ్యాలి. కారును ‘డ్రైవ్’ చెయ్యాలి, దాని తలుపును ‘ఓపెన్’ చెయ్యాలి. సమావేశాన్ని ‘హోల్డ్’ చెయ్యాలి. కాచిన నీళ్లను ‘ఓపెన్ వాటర్’ అంటే సముద్రం అనుకుంటారు.

ఇంకో చిక్కు ఉంది. దుకాణం తెరిచి ఉందంటే ‘ద షాప్ ఈజ్ ఓపెన్’. మూసి ఉందంటే మాత్రం ‘ద షాప్ ఈజ్ క్లోజ్డ్’. ఒకదానికి చివర తోక లేదు, రెండోదానికి ఉంది. ఆ తోక మర్చిపోయి ‘క్లోజ్’ అని రాస్తే, కాగితం మీద అది ‘దగ్గర’ అనే అర్థమిచ్చే మాటతో ఒక్కటైపోతుంది. ఎందుకలా అని వాళ్లు అడిగితే నా దగ్గర జవాబు లేదు. అలవాటే కారణం అన్నాను.

ఇదేదో చైనావాళ్ల తెలివితక్కువ అనుకోకండి. ఫిలిప్పీన్స్‌లోనూ ‘ఓపెన్ ద లైట్’ అనేవాళ్లు చాలామంది. మనమో? మనలో ఎంతమంది ‘పుట్ ద ఫ్యాన్’ అనలేదు? ‘ఫ్యాను వెయ్యి’ని మక్కీకి మక్కీ దించేశాం. ఎవరి ఇంగ్లీషులోనైనా కింద వాళ్ల అమ్మ భాష కనిపిస్తూనే ఉంటుంది. చూడ్డం తెలిస్తే అది తప్పుగా కాదు, ఆనవాలుగా కనిపిస్తుంది.

అప్పుడు దుబాసీ అమ్మాయి నన్ను ఎదురు ప్రశ్న వేసింది. తెలుగు నేర్చుకుంటోంది ఆమె. “మీరు తలుపు వెయ్యి అంటే మూస్తారు. లైటు వెయ్యి అంటే వెలిగిస్తారు. ఇదేం భాష?” అంది. నేను నిజంగా ఆగిపోయాను. యాభై ఏళ్లకు దగ్గరపడుతున్నా, ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. తలుపు తియ్యి అంటే తెరుస్తాం, లైటు తీసెయ్యి అంటే ఆర్పుతాం. ఫ్యూజు వేస్తే కరెంటు వస్తుంది, తీస్తే పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైన్‌మన్ ఏబీ స్విచ్ వేశాడంటే ఊళ్లో దీపాలు వెలుగుతాయి, తీశాడంటే చీకటి.

చూశారా? పెద్దాయన ఫోన్లో ఏమన్నాడు? ‘వేసే ఉంది, తియ్యలేదు’. మన ‘వెయ్యడం’ తలుపుకూ సరిపోయింది, స్విచ్చుకూ సరిపోయింది. తలుపు వేసినట్టే స్విచ్చు వేస్తాం. రెండింటిలోనూ ఒక దాన్ని దాని చోట పెట్టి కలుపుతున్నాం. బ్రేకరు ‘క్లోజ్’ చెయ్యడమన్నా అదే. విద్యుత్ ఇంజనీర్ల ఇంగ్లీషు ఎటు చూస్తోందో, ఈ విషయంలో మన ఇంటి తెలుగూ అటే చూస్తోంది. చైనా ఇంటిమాట దానికి ఎదురుగా ఉంది. మన తెలంగాణ మిత్రులు తలుపైనా, ఫ్యానైనా ‘బంద్ చెయ్’ అంటారు. అంటే వాళ్లు చైనావాళ్ల పక్షం అన్నమాట!

కొన్నాళ్లకు ఒక వింత జరిగింది. ఆ స్విచ్‌గేర్ గదిలో చైనా కుర్రవాడు ‘ఆన్’, ‘ఆఫ్’ అనడం మానేసి, పెద్దాయన దగ్గర నేర్చుకున్న తెలుగులో ‘వేశాను’, ‘తీశాను’ అనడం మొదలుపెట్టాడు. ఆ మాటలకు అతని భాషలో ముందునుంచీ ఏ అర్థమూ అతుక్కుని లేదు కాబట్టి, గందరగోళం లేదు. పెద్దాయన మాత్రం అతను చెప్పినా వెళ్లి చూసేవాడు. నేను చెప్పినా అంతే. అది అనుమానం కాదు, పనిపట్ల గౌరవం.

నేను నేర్చుకున్నది ఇదే. కష్టమైన మాట వచ్చినప్పుడు మనం ఆగుతాం, అడుగుతాం, నిఘంటువు తీస్తాం. ‘ఐసొలేషన్’ అని అడిగి ఉంటే ఆ కుర్రవాడు దుబాసీని పిలిచేవాడు. ‘ఓపెన్’ అన్నాను కాబట్టి ఇద్దరం ఆగలేదు. ఇద్దరికీ తెలిసిన మాట అని ఇద్దరం అనుకున్నాం. ప్రమాదం అక్కడే ఉంది.

ఇక్కడ పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులకు, శిష్యుడిగా ఒక చిన్న విన్నపం. చిన్న మాటకు ఒక్క అర్థం చెప్పి వదిలెయ్యకండి. ఓపెన్ అంటే తెరుచుట అని కాకుండా, ఏ వస్తువుతో కలిస్తే ఏమవుతుందో వస్తువుతో సహా చెప్పండి. వెనక బెంచీలోంచి ఎవరైనా లేచి, “మూస్తే ఆగాలి కదా సార్?” అని అడిగితే, మన మాస్టారిలాగే నవ్వకుండా జవాబు చెప్పండి. ఆ రోజు ఆ ప్రశ్న అడిగినవాడు ఇవాళ ఇదే సభలో కూర్చున్నాడు. నవ్వినవాళ్లలో నేనూ ఒకణ్ణి. వాడికి ఇప్పుడు అందరి ముందూ క్షమాపణ చెబుతున్నాను.

ఆ ఇద్దరు కుర్రాళ్లకు తర్వాత పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. పండగలకు ఫోన్ చేస్తుంటారు. వాళ్లు బతికింది నా ఇంగ్లీషు వల్ల కాదు, పెద్దాయన 200 మీటర్లు నడవడం వల్ల. ఎందుకు ఆగాలో మాకు తెలిసింది మాత్రం పిన్నీసుతో పాఠం చెప్పిన మన మాస్టారి వల్ల.